సూత్రం మన కంటికి కనబడాలి

ఈమధ్య ఏ పని చెప్పినా పిల్లలది ఒకటే మాట: "దానికో యాప్ ఉంది కదమ్మా!" ఉంది, కాదనను. పాల లెక్కకొకటి, ఖర్చులకొకటి, చీటీలకొకటి. కానీ వాటిలో మన ఇల్లు పట్టదు. ఖర్చుల యాప్‌లో హోటల్ తిండికి గడి ఉంటుంది గానీ శ్రావణమాసం పేరంటాలకి ఉండదు.

మన విశాఖలో స్టీల్ ప్లాంట్ ఉద్యోగుల ఇళ్లే చూడండి. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అంటూ కాలెండర్ నిండా గుర్తులు. ఆయన సి షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటే మిక్సీ ఎప్పుడు వేయాలి, క్యారేజీ ఏ వేళకి కట్టాలి, అన్నీ దాన్ని బట్టే. ఎక్కడో కూర్చుని యాప్ రాసే కుర్రాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? అది అతని తప్పు కాదు. అందుకే నేననేది, మనకి ఇంకో పది యాప్‌లు అక్కర్లేదు. కావలసింది మన అవసరానికి మనమే తయారు చేసుకునే సాధనం.

"ప్రోగ్రామింగ్ మనవల్ల ఏమవుతుందిలే" అనుకోకండి. డాన్ బ్రిక్లిన్ అనే ఆయన అమెరికాలో, హార్వర్డ్‌లో వ్యాపార విద్య చదువుతుండగా, ఒక మేష్టారు బోర్డు మీద గళ్లు గీసి లెక్కలు వేసేవారట. ఒక అంకె మారితే దాని వెనకాల అన్నీ చెరిపి మళ్లీ రాయాలి. అవన్నీ వాటంతటవే మారితే బాగుండునన్న ఆలోచన అలా పుట్టింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి ఆయన చేసిన విసికాల్క్ 1979లో వచ్చింది. ఈనాటి ఎక్సెల్‌కి అదే పెద్దక్క. ఆ గళ్లలో సూత్రం రాసే ప్రతి గుమాస్తా, ప్రతి టీచరమ్మ తెలియకుండానే ప్రోగ్రాం రాస్తున్నట్టే. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, నాకిది సంధి సూత్రంలా అనిపిస్తుంది. ఒక్కసారి పట్టుబడితే ఎన్ని మాటలకైనా వర్తిస్తుంది.

ఫోను యాప్‌ల విషయంలోనూ ఆ ప్రయత్నం జరిగింది. హాల్ ఎబెల్సన్ అనే ప్రొఫెసరు పూనికతో గూగుల్ 2010లో యాప్ ఇన్వెంటర్ తెచ్చింది. తర్వాత దాన్ని ఎం.ఐ.టి. తీసుకుంది. అందులో కోడ్ టైపు చెయ్యక్కర్లేదు. రంగురంగుల ముక్కల్ని పిల్లల బొమ్మల్లా అతికించడమే. పొసగని ముక్క అతకదు. అక్షర దోషానికే భయపడేవాళ్లకి అంతకంటే ధైర్యం ఏముంటుంది?

ఇదంతా సరదా కోసం కాదు. డ్వాక్రా పథకం 1982లో మొదలైంది. ఆ తర్వాత మన రాష్ట్రంలో పొదుపు సంఘం లేని వీధి లేదన్నట్టయింది. పొదుపు నిలబడేది నమ్మకం మీద. మా సందులో పదిమందిమి కలిసి నడుపుకునే పొదుపు లెక్క ఫోనులోకి ఎక్కించాం. ఒక పిన్నిగారు ఇరవై వేలు అప్పు తీసుకుని, సరిగ్గా నెల మధ్యలో పది వేలు తీర్చేశారు. రూపాయి వడ్డీ. మొదటి పదిహేను రోజులకి వంద, మిగతా పదిహేనుకి యాభై, వెరసి నూటయాభై. ఆ యాప్ మాత్రం రెండొందలు చూపించింది. ఎందుకో చెప్పేవాళ్లు లేరు, దిద్దుదామంటే వీల్లేదు. యాభై రూపాయలే కదా అంటారేమో. పిన్నిగారి మాట వేరు: "డబ్బు సంగతి అలా ఉంచు, నన్ను అబద్ధాలకోరుని చేస్తుందేమిటే అది?"

చివరికి ఎదురింటి వదిన స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు గళ్లు పెట్టింది. తేదీ, అసలు, రోజులు, వడ్డీ. పిన్నిగారు గడి మీద వేలు పెట్టి, కణుపులు లెక్కపెట్టుకుని, "ఆఁ, ఇదీ లెక్క" అన్నారు. ఎక్సెల్ రాని మనిషి కూడా లెక్క సరిచూసుకోగలిగారు. నా దృష్టిలో సాధనం గొప్పదనం అక్కడుంది.

సొంతంగా చేసుకున్నదీ తప్పొచ్చు. 2020లో ఇంగ్లండులో పాత రకం ఎక్సెల్ ఫైలు 65,536 వరసలకి మించి పట్టక, దాదాపు 16 వేల కరోనా కేసులు కొన్నాళ్లు లెక్కలోకి రాలేదు. అంత పెద్ద ప్రభుత్వానికే అలా జరిగింది. కాబట్టి సాధనం తయారుచేసేవాళ్లు సులువు ఒక్కటే చూస్తే చాలదు. నిండిపోతే నిండిందని గట్టిగా చెప్పాలి. తప్పు చేస్తే వెనక్కి వెళ్లే దారి ఉంచాలి. భాష కూడా చూడాలి. జర్మన్లు ఎక్సెల్‌లో కూడికకి ఇంగ్లీషు "సమ్" బదులు తమ భాషలో "జుమ్మె" అని రాసుకుంటారు. మనం "మొత్తం" అని రాసుకుంటే కంప్యూటరుకి వచ్చే నష్టమేమిటి?

ఇప్పుడు తెలుగులో చెబితే చాలు, కృత్రిమ మేధ యాప్ చేసి పెడుతుందంటున్నారు. సంతోషమే, వాడదాం. కానీ అడగాల్సిన ప్రశ్న మారదు: "ఈ వడ్డీ ఎలా వచ్చిందో నాకు చూపిస్తావా? నేను మార్చుకోవచ్చా?" చూపించకపోతే అది ఎంత తెలివైనదైనా, పుస్తకం తన సంచీలోనే దాచుకుని మనచేత వేలిముద్ర వేయించుకునే పాతకాలపు షావుకారుతో సమానం.

మీ ఇంటి లెక్కల్లో ఏ యాప్‌కీ లొంగనిది ఒకటైనా ఉంటుంది. ఈ ఆదివారం ఒక కాగితం మీద దాని గళ్లు గీయండి. ఏ గడిని బట్టి ఏ గడి మారుతుందో బాణం గుర్తు పెట్టండి. సగం ప్రోగ్రాం అయిపోయినట్టే. మిగతా సగం పిల్లల్ని అడగండి. అయితే చేసిపెట్టమని కాదు, పక్కన కూర్చుని చూపించమని.