కంట్రాక్టరు మారితే సర్వీసు సున్నాయేనా?

నేను డోర్నకల్ జంక్షన్‌లో గ్యాంగ్‌మన్‌గా రిటైరయ్యాను. చేరింది మాత్రం క్యాజువల్ లేబర్‌గానే. సింగరేణి బొగ్గు కోసం నిజాం కాలంలో వేసిన కారేపల్లి లైను మీద కంకర ప్యాకింగ్ చేసేవాళ్లం. మస్టర్‌లో పేరుంటేనే ఆ రోజు కూలి. అప్పట్లో ఓపెన్ లైన్‌లో, అంటే రైళ్లు నడిచే లైను మీద, వరుసగా 120 రోజులు చేస్తే ‘టెంపరరీ స్టేటస్’ వచ్చేది. కొత్త లైన్లు వేసే ప్రాజెక్టుల్లో చేసేవాళ్లకు ఆ ఆసరా ఉండేది కాదు. 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు కలగజేసుకున్నాక, 360 రోజులు చేసిన ప్రాజెక్టు కూలీలను కూడా విడతలవారీగా తీసుకునే పథకం ఖాయమైంది.

ఆ స్టేటస్ వచ్చాక మా పని బరువేమీ తగ్గలేదు. కానీ కిరాణా కొట్టులో ఉద్దెర పుట్టింది. చిట్టీలో చేర్చుకున్నారు. మా చెల్లికి సంబంధాలు వచ్చాయి.

మా చిన్నోడు ఒక ఆఫీసులో ఏజెన్సీ కింద పనిచేస్తున్నాడు. ఆఫీసు అదే, కుర్చీ అదే. టెండరు మారినప్పుడల్లా గుర్తింపు కార్డు మాత్రం కొత్తది. పాత సర్వీసు లెక్కలోకి రాదు. జీతం ఒక్కోసారి రెండు నెలలు ఆగుతుంది. జ్వరమొచ్చినా డ్యూటీకి పోతాడు, సంఘం మీటింగుకు మాత్రం పోడు. కొత్త లిస్టులో పేరు ఎగిరిపోతుందని భయం. కోడలు మిర్చి ఏరడానికి పోతే ఆ కూలితో ఇల్లు గడుస్తుంది. 2021–22లో నల్ల తామరపురుగు తోటల్ని తినేస్తే ఆ కూలీ కూడా పోయింది. ఆ ఏడు పిల్లను బడి మాన్పించి ఇంకో బడిలో వేశారు. అదే నాకు ఎక్కువ బాధ.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2020లో మన తెలంగాణలో ఏడు వేలకు పైగా ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంట్లను ఒక్కసారిగా తీసేశారు. మళ్లీ తీసుకున్నది 2022లో. ఊళ్లో వందల మందికి పని చూపించినవాళ్లే రెండేళ్లు పని కోసం తిరిగారు.

1972 గ్రాట్యుటీ చట్టం ఐదేళ్ల సర్వీసు అడిగింది. రెండేళ్లకో కంట్రాక్టరు మారుతుంటే ఐదేళ్లు ఎప్పటికి నిండాలి? 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ ఇస్తామన్నాయి. మంచిదే. మా వాడిలాంటి ఏజెన్సీ మనుషుల పాత సర్వీసు మాటేమిటి?

పీఎఫ్‌కు యూఏఎన్ అనే ఒకే నంబరు ఉంది. యజమాని మారినా అది కార్మికుడి వెంటే వస్తుంది. సర్వీసు రోజులు మాత్రం ఎందుకు రాకూడదు? రైల్వే అయినా, సింగరేణి అయినా, మున్సిపాలిటీ అయినా, పిలిచే ప్రతి టెండరులో ఒక షరతు రాయాలి: పాత మనుషుల్ని పాత సర్వీసుతోనే తీసుకోవాలి, జీతం ఏడో తారీఖులోగా పడాలి, తప్పితే కంట్రాక్టరు బిల్లులోంచి కోసి నేరుగా కార్మికుడికే ఇవ్వాలి.