దీపం ఇంజెక్టర్ అంటే నమ్మేయాలా?

డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగితే కారు యజమానులు సాధారణంగా రెండు రకాలుగా ప్రవర్తిస్తారు. కొందరు దాన్ని అసలు పట్టించుకోరు. దీపం మీద నల్ల టేపు ముక్క అతికించి నిశ్చింతగా తిరిగే మహానుభావులూ ఉన్నారు. మరికొందరు నేరుగా గ్యారేజీకి వెళ్లి, మెకానిక్ ఏది మార్చాలంటే దానికల్లా తలూపుతారు. మొదటి రకానికి నష్టం ఆలస్యంగా వస్తుంది. రెండో రకానికి ఆ సాయంత్రమే బిల్లు రూపంలో వస్తుంది. ఈ వారం రెండో రకం సంగతి చూద్దాం.

ఉదాహరణకు ఇచ్ఛాపూర్ వెళదాం. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, సూరత్ నుంచి హజీరా వెళ్లే దారిలోని ఇచ్ఛాపూర్. అరేబియా సముద్రంలోని బసీన్ క్షేత్రం నుంచి వచ్చే సహజవాయువును ఓఎన్‌జీసీ శుద్ధి చేసేది హజీరాలోనే. ఉత్తరాదికి గ్యాస్ మోసుకెళ్లే హజీరా-విజయ్‌పూర్-జగదీశ్‌పూర్ పైపులైను మొదలయ్యేదీ అక్కడే. ఓడల్లో వచ్చే ద్రవ సహజవాయువును దించుకునే టెర్మినల్ కూడా 2005లో అక్కడ పని ప్రారంభించింది. గ్యాస్ ఇలా ముంగిట్లోనే ఉన్న ఊళ్లో ఆటోలు, ట్యాక్సీలు సీఎన్‌జీ మీద నడవడంలో వింత లేదు.

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి సూరత్‌లో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో. అలాంటి ఇంట్లో పుట్టిన కుర్రాడొకడు మగ్గం వదిలి, హజీరా ఫ్యాక్టరీలకు ఉద్యోగులను చేరవేసే కారు నడుపుతున్నాడనుకుందాం. పెట్రోలు కారు కొని, తర్వాత బయట సీఎన్‌జీ కిట్టు పెట్టించాడు. ఒక ఉదయం ఇచ్ఛాపూర్ దగ్గర పసుపు దీపం వెలిగింది. రోడ్డు పక్క గ్యారేజీలో స్కానర్ తగిలిస్తే ‘పీ0203’ అని వచ్చింది. ‘మూడో ఇంజెక్టర్ పోయింది భాయ్. ఒకటి మారిస్తే మిగతావి రేపోమాపో పోతాయి, సెట్టు మొత్తం వేసేద్దాం’ అన్నాడు మెకానిక్. బండి ఆగిన రోజు కిరాయి రాదు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. కాబట్టి కుర్రాడు సరేనంటాడు. కానీ అక్కడే ఒక్క క్షణం ఆగి ఆ నంబరు నిజంగా ఏం చెబుతోందో చూడాలి.

ఈ కోడ్‌లు ఏ కంపెనీ రహస్యమూ కాదు. ‘పీ’ అంటే ఇంజన్, గేర్ల విభాగం. తర్వాతి సున్నా అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని చెప్పే గుర్తు. ఆ పక్కన ఉన్న 2 ఇంజెక్టర్ సర్క్యూట్‌ను సూచిస్తుంది. చివరి 03 మూడో సిలిండర్. ఇందులో అసలైన మాట ‘సర్క్యూట్’. ఇంజెక్టర్‌కు ఒకవైపు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. రెండోవైపు తీగను కంప్యూటర్ భూమికి కలిపినప్పుడల్లా లోపలి అయస్కాంతం సూదిని లాగి పెట్రోలు చిమ్మిస్తుంది. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజన్లో ఒక్కో ఇంజెక్టర్ సెకనుకు 25 సార్లు ఇలా తెరుచుకుంటుంది. తెరిచి ఉండేది ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లే. తన చేతిలో ఉన్న తీగలో వోల్టేజీ పడాల్సినప్పుడు పడిందా, లేవాల్సినప్పుడు లేచిందా అన్నదే కంప్యూటర్ చూడగలదు. అది తేడాగా ఉంటే పీ0203 రాస్తుంది.

అంటే ఇంజెక్టర్ పేరు పెట్టి పిలిచే కోడ్ నిజానికి తీగ గురించి మాట్లాడుతోంది. ఇంజెక్టర్ మూతిలో మడ్డి పేరుకున్నా తీగలో కరెంటు మామూలుగానే ప్రవహిస్తుంది కాబట్టి ఈ కోడ్ రాదు. అప్పుడు వచ్చేవి వేరే. మూడో సిలిండర్‌కు పెట్రోలు చాలక మంట సరిగా అంటుకోకపోతే పీ0303 వస్తుంది. మెకానిక్‌ల భాషలో ‘మిస్సింగ్’. మొత్తంమీద గాలి ఎక్కువై ఇంధనం తక్కువైందని పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్ చెబితే పీ0171 వస్తుంది. తమాషా ఏమిటంటే ఈ రెండు కోడ్‌లలోనూ ఇంజెక్టర్ ఊసే ఉండదు. స్పార్క్ ప్లగ్ అరిగినా, కాయిల్ దెబ్బతిన్నా, గాలి గొట్టం చిట్లినా, పెట్రోలు పంపు నీరసించినా ఇవే రావచ్చు. పేరు చెప్పిన చోట మడ్డి ఉండదు, మడ్డి ఉన్న చోట పేరు రాదు. పీ0203 చూసి ‘ఇంజెక్టర్ క్లీనింగ్ చేద్దాం’ అనే గ్యారేజీ మీ జేబు క్లీనింగే చేస్తుంది.

ఇక కుర్రాడి కారు విషయంలో ఇంకో మెలిక ఉంది. బయట వేయించిన సీక్వెన్షియల్ కిట్టులో గ్యాస్‌కు విడిగా ఇంజెక్టర్లుంటాయి. బండి గ్యాస్ మీదికి మారగానే పెట్రోలు ఇంజెక్టర్ల పని ఆపేయాలి. అందుకోసం కిట్టు వాళ్లు పెట్రోలు ఇంజెక్టర్ల తీగలను మధ్యలో కోసి తమ పెట్టెకు కలుపుతారు. ఇంజెక్టర్ లేదని తెలిస్తే కంప్యూటర్ గోల చేస్తుంది కదా! అందుకే ఆ పెట్టెలోని ఎమ్యులేటర్ అచ్చం ఇంజెక్టర్‌లా కరెంటు తీసుకుంటూ నటిస్తుంది. ఒకరకంగా పెద్దమనుషుల ఒప్పంద మోసం. ఆ నటన ఎక్కడ చెడినా, కోసి టేపు చుట్టిన అతుకు ఎక్కడ వదులైనా కంప్యూటర్ రాసేది పీ0203నే. సముద్రపు ఉప్పుగాలి, నాలుగు నెలల వాన, బానెట్ కింద కాపురం పెట్టే ఎలుకలు ఉన్న చోట అనుమానం ముందు ఆ అతుకు మీదికే పోవాలి. ఇంజెక్టర్ల సెట్టు మీదికి కాదు. పీ0201 నుంచి పీ0204 దాకా నాలుగూ కలిసి వస్తే మరీ తేలిక. నాలుగు ఇంజెక్టర్లు ఒకే ముహూర్తానికి చావవు. ఫ్యూజో, ఉమ్మడి తీగో, కిట్టు పెట్టో చూసుకోవాలి.

పరీక్షలు కూడా బ్రహ్మవిద్య కాదు. ఇంజన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజెక్టర్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనిస్తే టిక్‌టిక్ మని వినిపిస్తుంది. బెల్టులకు, ఫ్యానుకు బట్టలు, చేతులు దూరంగా ఉండాలి. ఒకటి మౌనంగా ఉంటే అనుమానితుడు దొరికినట్టే. ఇంజన్ ఆపి, కప్లర్ ఊడదీసి, ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్ పెడితే మామూలు పెట్రోలు కార్లలో చాలావాటికి 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. అంకె కన్నా పోలిక ముఖ్యం. మూడు ఒకలా ఉండి ఒకటి మాత్రం తేడాగా ఉంటే లోపలి చుట్ట పోయినట్టు. చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా ఉండి వేడెక్కాక మొండికేసే చుట్టలూ ఉంటాయి, కాబట్టి బండి తిరిగొచ్చాక మరోసారి కొలవాలి. ఊడదీసిన కప్లర్‌లో చిన్న పరీక్ష బల్బు పెట్టి ఇంజన్ తిప్పితే మినుకుమినుకుమనాలి. మినుకుమంటే కంప్యూటర్, తీగ బాగున్నట్టు. ఇంజెక్టర్ల ఓమ్‌లు సమానంగా ఉండి, బల్బు మాత్రం వెలగకపోతే తప్పు తీగదో, మధ్యలోని పెట్టెదో.

మిగిలిన ఒక్క పరీక్ష మాత్రం మెకానిక్‌కే వదలాలి. మూడో ఇంజెక్టర్‌ను రెండో చోట, రెండోదాన్ని మూడో చోట పెట్టి నడపడం. కోడ్ పీ0202గా మారితే ఇంజెక్టర్‌దే దోషం, నిశ్చింతగా మార్చొచ్చు. మూడులోనే ఉండిపోతే ఇంజెక్టర్ నిర్దోషి. పెట్రోలు గొట్టంలో ఒత్తిడి ఉంటుంది, వేడి ఇంజన్ మీద చిమ్మితే నిప్పే. ఇంటి దగ్గర ఆదివారం ప్రయోగాలకు ఇది పనికిరాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లలో ఒత్తిడి అనేక రెట్లు ఎక్కువ, పైన చెప్పిన ఓమ్‌ల లెక్క కూడా వాటికి వర్తించదు.

పీ0303 లాంటి మిస్సింగ్ కోడ్ వచ్చినప్పుడు సీఎన్‌జీ కారు యజమానికి ఒక సౌకర్యం ఉంది. పైసా ఖర్చు లేని పరీక్ష. బండిని కాసేపు గ్యాస్ మీద, కాసేపు పెట్రోలు మీద నడపడమే. రెండింటిలోనూ ఒకేలా కొట్టుకుంటే ఇంజెక్టర్ల జోలికి పోకుండా ప్లగ్, కాయిల్, వాల్వులు చూడాలి. పెట్రోలులో మాత్రమే అయితే పెట్రోలు ఇంజెక్టరో పంపో. గ్యాస్‌లో మాత్రమే అయితే గ్యాస్ ఇంజెక్టర్, ఫిల్టర్, రెగ్యులేటర్. ఒక మినహాయింపుంది. గ్యాస్‌ను అంటించడానికి బలమైన స్పార్క్ కావాలి కాబట్టి అరిగిన ప్లగ్ మొదట గ్యాస్‌లోనే బయటపడుతుంది. ముందు ప్లగ్‌లు చూసుకున్నాకే రెగ్యులేటర్ దాకా వెళ్లాలి.

పెట్రోలులో మాత్రమే మిస్సింగ్ వచ్చే సీఎన్‌జీ బండ్లలో మడ్డి నిజంగానే కారణం కావచ్చు. ఏడాదంతా గ్యాస్ మీదే తిప్పితే ఇంజెక్టర్లలో నిలిచిన పెట్రోలు ఆవిరై బంకలా అంటుకుంటుంది. ట్యాంకులో అడుగున మిగిలింది నెలల తరబడి పాతబడుతుంది. ఇప్పుడు పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్‌కు తేమను పీల్చుకునే గుణం కూడా ఉంది. గ్యాస్ చవక అన్న లెక్కతో పెట్రోలు పోయించడమే మానేసిన వాళ్లకు ఆ మిగులు ఒకరోజు ఇంజెక్టర్ బిల్లుగా తిరిగొస్తుంది. వారానికోసారి కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడిపితే చాలు.

దీపం నిలకడగా వెలిగితే బండిని మెల్లగా గ్యారేజీ దాకా తీసుకెళ్లొచ్చు. ఆరుతూ వెలుగుతూ ఉంటే పక్కకు తీసి ఆపాల్సిందే. మండని ఇంధనం పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దానర్థం. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూసిన ఆ పింగాణీ గూడు వేడికి కరిగిపోయిందంటే ఇంజెక్టర్ల సెట్టు బిల్లు దాని ముందు చిల్లరగా అనిపిస్తుంది.

అసలు ఈ దీపం పెట్టింది కూడా పొగ కోసమే, మెకానిక్‌ల కోసం కాదు. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఒకే తరహా ప్లగ్, ఒకే తరహా కోడ్‌లు తప్పనిసరి. మనదేశంలో 2010లో బీఎస్-4 మొదట వచ్చిన నగరాల్లో హైదరాబాద్, సూరత్, షోలాపూర్ మూడూ ఉన్నాయి. తెలుగువాళ్లు గుంపుగా ఉన్న ఈ మూడు ఊళ్లూ ఆ జాబితాలో పడటం కాకతాళీయమే అనుకోండి. మరింత నిశితంగా చూసే రెండో దశ డయాగ్నస్టిక్ వ్యవస్థ కార్లకు 2013 ఏప్రిల్‌లో వచ్చింది. బీఎస్-4 దేశమంతటికీ వచ్చింది 2017లో, బీఎస్-6 2020లో. అమెరికాలో అనేక రాష్ట్రాల్లో కాలుష్య పరీక్ష అంటే ఆ ప్లగ్‌కు తీగ తగిలించి చదవడమే. మన దగ్గర పొగగొట్టంలో గొట్టం దూర్చి కొలిచి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. కారులోని కంప్యూటర్‌కు తెలిసిన సంగతిని అడిగే నాథుడే లేడు. దీపం వెలుగుతున్న బండికి కూడా సర్టిఫికెట్ దొరికే చోట జనం టేపు ముక్క వెతుక్కోవడంలో ఆశ్చర్యమేముంది?

గ్యారేజీలో అడగాల్సింది ఒకటే. కోడ్ చెరపకముందు కాగితం మీద రాసివ్వమనండి. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా. తప్పు జరిగిన క్షణాన వేగమెంత, ఇంజన్ వేడెంత, చుట్లెన్ని అన్నవి కంప్యూటర్ అందులో దాచి ఉంచుతుంది. చాలామంది మెకానిక్‌లు ముందు కోడ్ తుడిచేసి ‘మళ్లీ వస్తే చూద్దాం’ అంటారు. బ్యాటరీ తీగ ఊడదీసినా చాలా కార్లలో అదే జరుగుతుంది. తుడిస్తే ఆరేది దీపమే, జబ్బు కాదు. పోయేది సాక్ష్యం.

డీజిల్ కార్లవాళ్లకు మాత్రం ఇంత ఊరట లేదు. కామన్ రైల్ ఇంజన్లలో ఒత్తిడి 1,600 బార్లు దాటుతుంది. ఇంధనంలో చిన్న నలుసు, చుక్క నీరు చాలు, ఇంజెక్టర్ నిజంగానే పోతుంది, అదీ ఖరీదైనది. అక్కడ అడగాల్సింది రిటర్న్ పరీక్ష. ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి కారే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టి పోల్చడం. ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ అరిగినట్టు. కొత్తది వేశాక చాలా మోడళ్లలో దాని ఒంటి మీద చెక్కి ఉన్న కోడ్‌ను స్కానర్‌తో కంప్యూటర్‌కు ఎక్కించాలి. లేకపోతే కొత్త ఇంజెక్టర్‌తో కూడా ఇంజన్ మోటుగా నడుస్తుంది, పొగ వదులుతుంది. ఆ పని చేయగల స్కానర్ ఉందా అని బండి విప్పకముందే కనుక్కోండి.