ఆ గడిలో ‘కూలీ’ అని రాయకండి



స్కాలర్‌షిప్ ఫారంలో ‘తల్లిదండ్రుల వృత్తి’ అనే గడి ఒకటి ఉంటుంది. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన మేము ఏటా అందులో ‘కూలీ’ అనే రాశాం. నిజానికి మా అమ్మలు కలంకారీ బట్టకు రంగులు వేస్తారు. సెలవుల్లో ఇంటికెళ్తే మేమూ పక్కన కూర్చుని వేశాం. కానీ ఆ మాట రాయడానికి సిగ్గుపడ్డాం. మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ దాటి, పీజీలోకి వచ్చాక ఆ సిగ్గు గురించే మాకు సిగ్గేస్తోంది.

శ్రీకాళహస్తి అనగానే వాయులింగం, రాహుకేతు పూజలు గుర్తొస్తాయి. అదే ఊళ్లో ఇంకో చదువు కూడా ఉంది. కరక్కాయ పొడి కలిపిన పాలలో బట్టను నానబెట్టి ఆరేస్తారు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి, ఆ నీళ్లలో వెదురు కలం ముంచి దిద్దుతారు. కరక్కాయ పట్టిన బట్ట మీద ఆ గీత నల్లబడుతుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఎరుపు నిలవడానికి పటిక వాడతారు. టానిన్లు ఇనుముతో కలిస్తే నలుపు వస్తుందని మేం కెమిస్ట్రీలో చదివి మార్కులు తెచ్చుకున్నాం. అదే సంగతి చేతుల్లో ఉన్న అమ్మను మాత్రం ‘చదువు రాదు’ అన్నాం.

ఈ కళకు గౌరవం దక్కలేదని కాదు. 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. మనందరికీ గర్వకారణమే. అయితే గుర్తింపు ఊరి పేరును కాపాడుతుంది గానీ రంగు నింపే మనిషి కూలిని కాపాడదు. ఆమె పేరు చీర మీద ఉండదు. పెడనలో చెక్క అచ్చులతో వేసేదీ చేతిపనే, దానితో మాకు పేచీ లేదు. యంత్రం మీద అచ్చేసిన బట్టను కూడా కలంకారీ అని చవగ్గా అమ్మడమే మా అమ్మల పొట్ట కొడుతోంది.

‘మీరంతా ఉద్యోగాలకు పోతే కళ ఏమైపోవాలి?’ అని పెద్దలు అడుగుతారు. కళ బతకడానికి మా అమ్మల నడుములే ఎందుకు వంగిపోవాలని మేం అడుగుతున్నాం. ముందు ఆ పనికి బతికేంత కూలి రావాలి. అప్పుడు పిల్లల్ని రమ్మనండి.

మనం చేయగలిగినవీ ఉన్నాయి. ఒక చీరకు ఎన్ని రోజుల పని పట్టిందో, ఎంత కూలి ఇచ్చారో లెక్క రాసి అమ్మకు చదివి వినిపిద్దాం. కూలి పెంచమని అడిగేటప్పుడు పక్కన నిలబడదాం. చీరతోపాటు గీసినవారి పేరూ, రంగు వేసినవారి పేరూ చీటీ మీద రాయమందాం.

చెల్లెళ్లూ, మీ ఇంట్లో చెప్పులు కుట్టవచ్చు, బుట్టలు అల్లవచ్చు, డప్పు కట్టవచ్చు. ఈసారి ఫారంలో ఆ పని పేరే రాయండి. గడి చాలకపోతే పక్కన రాయండి.