ఒడ్డెక్కే మొసలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లకి సముద్రం దూరమే. కొండలు దిగి చెన్నై దాకా వెళ్తేగానీ అలల చప్పుడు వినబడదు. అయినా టమోటా లారీలు చూసినవాళ్లకి ఈ ఓడ సంగతి ఇట్టే అర్థమవుతుంది. లారీకి వెనక తలుపు తీసి సరుకు దించుతారు కదా... దీనికి తలుపు ముందువైపు ఉంటుంది. దించే సరుకేమో యుద్ధ ట్యాంకులు!

1940లో డంకర్క్ నుంచి బ్రిటిష్ సైనికులు ప్రాణాలతో బయటపడ్డారు. ట్యాంకులూ ఫిరంగులూ అక్కడే వదిలేశారు. రేవు లేనిచోట ట్యాంకుల్ని దించడం ఎలా? ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టిందే 'ట్యాంక్ ల్యాండింగ్ షిప్'. దీని అడుగు భాగం పళ్లెంలా చదునుగా ఉంటుంది. ప్రయాణంలో నిలకడ కోసం లోపలి అరల్లో సముద్రపు నీరు నింపుతారు. ఒడ్డు దగ్గరపడగానే ఆ నీటిని తోడేస్తారు. ఓడ తేలికై పైకి లేస్తుంది. వెనక ఒక లంగరు వదిలి, నేరుగా ఇసుకలోకి దూసుకెళ్తుంది. పని అయ్యాక ఆ లంగరు తాడు చుట్టుకుంటూ వెనక్కి వస్తుంది. నడక నెమ్మది కాబట్టి నావికులు దీన్ని 'పెద్ద, నిదానపు గురి' అని ఎగతాళి చేసేవారు.

అలాంటి ఓడ ఒకటి 1945లో బ్రిటన్‌లో నీళ్లలోకి దిగింది. 'ఎవెంజర్' అన్న పేరుతో అక్కడి నౌకాదళంలో పనిచేసి, 1949లో మనకొచ్చి 'మగర్' అయింది. మగర్ అంటే మొసలి. నీళ్లలో ఈది ఒడ్డెక్కే ఓడకి ఇంతకన్నా తగిన పేరేముంది?

ఒడ్డెక్కడం మాటలు కాదు. 1971 డిసెంబరులో ఇదే కోవకు చెందిన ఘరియాల్, గుల్దార్ నౌకలు కాక్స్‌బజార్ తీరంలో గూర్ఖా జవాన్లను దించబోయాయి. శత్రువు నుంచి ఒక్క తూటా రాలేదు. కానీ ఓడ ఇసుకమేటకు తగిలి ఆగింది. దానికీ ఒడ్డుకీ మధ్య లోతు ఎక్కువ. బరువులతో దిగిన జవాన్లలో కొందరు మునిగి ప్రాణాలు కోల్పోయారు. తీరం లోతు ముందే తెలియకపోతే ఎంత ఓడైనా అంతే.

ఘరియాల్ పేరు మరో నౌకకు దక్కింది. దాని ఒడలు కట్టింది మన విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే. 1997లో నౌకాదళంలో చేరింది. 1987లో వచ్చిన రెండో మగర్ 36 ఏళ్లు పనిచేసి 2023లో కొచ్చిలో సెలవు తీసుకుంది. అంతకుముందు 2020 మే నెలలో, కరోనా రోజుల్లో, మాల్దీవుల్లో చిక్కుకున్న 202 మందిని అదే కొచ్చికి చేర్చింది. ట్యాంకుల కోసం కట్టిన ఓడ ఆ రోజు ఇంటికి రావాలనుకున్న మనుషుల్ని మోసుకొచ్చింది.