మన ముక్కును ఎంతవరకు నమ్మవచ్చు?



నర్సులమైన మాకు ముక్కు కూడా ఒక పనిముట్టే. రోగి శ్వాసలో మగ్గిన పండు వాసన వస్తే షుగర్ బాగా పెరిగిందేమోనని అనుమానిస్తాము. స్పృహ లేని మనిషి బట్టల్లో పురుగుమందు వాసన వస్తే, ఇంటివారు నోరు విప్పకముందే డాక్టరుగారికి కబురు పంపుతాము. అందుచేత ముక్కును తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. కాని ప్రాణం తీసే గ్యాసులకు ముక్కునొక్కదాన్నే కాపలా పెట్టడం తప్పని మా అభిప్రాయం.

యెల్లారెడ్డి వైపు నుండి కాలిన గాయాలతో వచ్చిన ఒకమ్మ, "సర్ది అయి ముక్కు దిబ్బడేసింది సిస్టర్, గ్యాస్ వాసన తెల్వనే లేదు" అన్నది. వంటగ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలని మెర్‌కాప్టాన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు. జలుబు చేసినవారికి, వృద్ధులకు, కోవిడ్ తర్వాత వాసన పూర్తిగా తిరిగిరానివారికి ఆ ఘాటు ఏం లాభం? నిద్రపోయేవారిని వాసన లేపుతుందని అసలే నమ్మరాదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. స్టైరీన్‌కు వాసన ఉంది, కాని జనం నిద్రలో ఉన్నారు. 12 మంది చనిపోయారు. వేడిని కొలిచే సాధనం ట్యాంకు అడుగుభాగంలోనే ఉందని, సైరన్ మోగలేదని ప్రభుత్వ కమిటీ ఆ జూలైలో తేల్చింది. సాధనం ఉంటే చాలదు, సరైన చోట ఉండి సమయానికి నోరు విప్పాలి.

ఇంకా మోసకారి సెప్టిక్ ట్యాంకులోని హైడ్రోజన్ సల్ఫైడ్. కొంచెముంటే కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కే మొద్దుబారుతుంది. "కంపు పోయింది, దిగుదాం" అనుకున్నవాడు పడిపోతాడు, అతణ్ణి లాగబోయిన తమ్ముడూ పడిపోతాడు. పాతబావిలోకి దీపం దింపి చూసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ప్రాణవాయువు తక్కువైతే దీపం ఆరుతుంది, నిజమే. విషవాయువు సంగతి అది చెప్పదు. మండే గ్యాసు ఉంటే ఆ దీపమే అంటిస్తుంది.

గ్యాస్ అలారంలోని సెన్సార్ ఏమిటని కొందరు అడిగారు. చాలావాటిలో టిన్ ఆక్సైడ్ పొర ఉంటుంది. పలుచపొర రకాల్లో అది తలవెంట్రుక మందంలో వందోవంతు కూడా ఉండదు. దాన్ని వేడిగా ఉంచుతారు. గాలిలోని ఆక్సిజన్ దానికి అంటుకుని కరెంటుకు అడ్డుపడుతుంది. వంటగ్యాసు తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి కరెంటు సులువుగా పారుతుంది, అలారం మోగుతుంది. స్పిరిట్‌కు, దోమల స్ప్రేకు కూడా మోగవచ్చు. విసుగొచ్చి ప్లగ్గు పీకేయకండి!

ఒక్క సెన్సార్ వాసనల తేడా చెప్పలేదు కాబట్టి, రకరకాల సెన్సార్లు కలిపి వాటి జవాబులన్నీ ఒకచోట చూసే ఎలక్ట్రానిక్ ముక్కును 1982లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాడ్, జార్జ్ డాడ్ వివరించారు. శ్వాసను బట్టి జబ్బులు పసిగట్టే పరిశోధన సాగుతోంది. దాన్ని నమ్ముకుని మాత్రం రక్తపరీక్ష మానకండి.

వంటగ్యాసు గాలికంటే బరువు కనుక అలారం నేలకు ఒక అడుగు ఎత్తులో ఉండాలి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, వంటగ్యాసు అలారం దాన్ని పట్టదు. కుంపటి బయటే ఉంచండి. లీకైతే స్విచ్చులు ముట్టకుండా రెగ్యులేటర్ ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపి కడిగించడాన్ని 2013 చట్టం నిషేధించింది. అయినా కూలి కోసం దిగేవారున్నారు. కామారెడ్డి, యెల్లారెడ్డి మున్సిపాలిటీల్లో గ్యాసు కొలిచే మీటరు ఎప్పుడూ ఛార్జింగుతో సిద్ధంగా ఉండాలని, బావి పూడిక తీసేవారు అడిగితే వెంటనే తెచ్చి చూపాలని మేము కోరుతున్నాము. సంఘ పెద్దలు వార్డు కౌన్సిలర్లతో మాట్లాడితే బాగుంటుంది. మరి మన ప్రేమవిందు వంటగదిలో రెండు పెద్ద సిలిండర్లున్నాయి, అలారం లేదు. స్త్రీల సమాజం వారు ఈ నెల చందాలో ముందు దానికి తీసిపెట్టవలసిందిగా మనవి.