ట్రెడ్‌మిల్ మీద పరుగూ పరుగే

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు ఎన్నున్నాయో, పరుగు గురించి సలహాలిచ్చేవాళ్లు అంతకు రెట్టింపు ఉన్నారు. అందరిదీ ఒకటే మాట: "ట్రెడ్‌మిల్ మీద ఉరికితే అదేం రన్నింగ్? కింద బెల్టే తిరుగుతుంటది, నువ్వు కాళ్లెత్తితే చాలు. ఈవెంట్స్ కొట్టాలంటే గ్రౌండ్‌కే పోవాలి." ఎస్సై, కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే పిల్లలు హాస్టల్ గదుల్లో దీన్నే వేదవాక్కుగా చెప్పుకుంటారు. ఆదివారం మారథాన్ టీషర్టు తొడుక్కునే ఎల్బీనగర్ ఉద్యోగులదీ ఇదే పాట. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఇందులో నిజం తక్కువ.

ముందు బెల్టు సంగతి. బెల్టే లాక్కుపోతుందనేవాళ్లు ఎల్బీనగర్‌లో మియాపూర్ మెట్రో ఎక్కి, రైలు ఒకే వేగంతో పోతున్నప్పుడు పెట్టెలో అటూ ఇటూ నడిచి చూడాలి. రైలు పోయే వైపు నడిచినా, ఎదురు నడిచినా కాళ్లకు శ్రమ ఒకటే. వేగం నిలకడగా ఉన్నంతసేపు నేల కదిలినా, మనిషి కదిలినా చెయ్యాల్సిన పని మారదు. అడుగడుగుకీ ఒంటి బరువును ఎత్తాలి, దిగేటప్పుడు ఆపుకోవాలి. ఆ పని మోటారు చేసిపెట్టదు. ట్రెడ్‌మిల్ మీద లేనిది ఎదురుగాలి. దానికీ లెక్క ఎప్పుడో తేలింది. 1996లో ఆండ్రూ జోన్స్, జొనాథన్ డౌస్ట్ అనే పరిశోధకులు గంటకు 10.5 నుంచి 18 కిలోమీటర్ల వేగాల్లో కొలిచి, బెల్టు ఎత్తు (ఇంక్లైన్) 1 శాతం పెడితే బయటి పరుగుకు అయ్యేంత శక్తే ఖర్చవుతుందని చూపించారు. ఒక బటన్ నొక్కితే తీరిపోయే తేడాకు ఇంత రాద్ధాంతమా?

సాక్ష్యం మన వీధిలోనే ఉంది. డయాగ్నొస్టిక్ సెంటర్ బోర్డు మీద టీఎంటీ అని ఉంటుంది కదా, అది ట్రెడ్‌మిల్ పరీక్షే. బ్రూస్ పద్ధతిలో గంటకు 2.7 కిలోమీటర్ల నడకతో, 10 శాతం ఎత్తుతో మొదలుపెట్టి, మూడేసి నిమిషాలకోసారి రెండూ పెంచుతూ గుండె ఎంత శ్రమకు తట్టుకుంటుందో చూస్తారు. బెల్టే పనంతా చేస్తే గుండెకు శ్రమెక్కడిది? నాన్న గుండె విషయంలో ట్రెడ్‌మిల్‌ను నమ్మే ఇల్లే కొడుకు పరుగు దగ్గరికొచ్చేసరికి నమ్మనంటుంది.

ఇక ఈవెంట్స్, అంటే పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలు. 2022 నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణ పోలీసు ఉద్యోగాలకు మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచెయ్యాలి. దీన్ని ట్రెడ్‌మిల్ భాషలోకి మార్చి చూడండి. ఆడవాళ్లది సరిగ్గా గంటకు 9 కిలోమీటర్లు. మగవాళ్లకు స్పీడ్ 13.2 పెడితే 7 నిమిషాల 16 సెకన్లు, ఫెయిల్. 13.3 పెడితే 7 నిమిషాల 13 సెకన్లు, పాస్. మధ్యలో ఉన్నది బటన్ మీద ఒక్క నొక్కు. ఆ వేగం ఎలా ఉంటుందో కాళ్లకూ ఊపిరికీ అంత కచ్చితంగా నేర్పే మనిషి ఏ గ్రౌండ్‌లో దొరుకుతాడు? అక్కడ జరిగేది చూస్తూనే ఉన్నాం. నలుగురిని చూసి మొదటి రౌండు ఎగబడి ఉరకడం, మూడో రౌండుకు నడుం పట్టుకోవడం. నాలుగు రౌండ్లూ ఒక్కోటి 108 సెకన్లలో రావాలన్న లెక్క ఒంటికి ఎక్కకపోతే ఎంత చెమటోడ్చినా లాభం లేదు.

అసలు గ్రౌండ్ ఎక్కడుంది? సరూర్‌నగర్ స్టేడియం అందరికీ దగ్గర కాదు. పార్కుల్లో వాకర్లను తప్పించుకుంటూ ఉరకాలి. విజయవాడ హైవే మీదకు పోతే తెల్లవారుజామున ట్రావెల్స్ బస్సులు, ఆటోలు, కుక్కలు. ఆగకుండా 20 నిమిషాలు ఒకే వేగంతో ఉరకడం, అంటే టెంపో రన్, ఈ రోడ్ల మీద అయ్యే పని కాదు. చీకట్లో ఒంటరిగా రోడ్డెక్కలేని హాస్టల్ అమ్మాయికి "గ్రౌండ్‌కే పో" అనడం సలహా కాదు, ప్రాక్టీస్ మానెయ్యమని చెప్పడమే.

పెద్ద పోటీలకు ఇది పనికిరాదంటారా? అలాస్కాలోని యాంకరేజ్‌లో ఉండే పాథాలజిస్టు క్రిస్టీన్ క్లార్క్ మంచు కాలంలో ఎక్కువగా ట్రెడ్‌మిల్ మీదే సాధన చేసి, 2000లో అమెరికా ఒలింపిక్ మారథాన్ ట్రయల్స్‌ను 2 గంటల 33 నిమిషాల 31 సెకన్లలో గెలిచింది. అదీ ఎండ మండిన రోజున. అదే ఏడాది సిడ్నీ ఒలింపిక్స్‌లో 19వ స్థానంలో వచ్చింది.

ట్రెడ్‌మిల్ అన్నీ నేర్పుతుందని నేననను. మలుపులు, మట్టి, ఎండ, స్టార్టింగ్ లైన్ దగ్గర తోపులాట, మన వేగం మనమే అంచనా కట్టుకోవడం గ్రౌండ్‌లోనే వస్తాయి. బెల్టు వేగం అందుకోవడానికి సమయం పడుతుంది కాబట్టి 100, 200 మీటర్ల స్ప్రింట్లకు కూడా అది అనువు కాదు. అందుకే పరీక్ష దగ్గరపడ్డాక గ్రౌండ్‌కు మారాల్సిందే. అయితే జిమ్ముల్లో కనిపించే చాలా లోపాలు ట్రెడ్‌మిల్‌వి కావు, మనవి. ముందు రాడ్ పట్టుకుని వేలాడుతూ ఉరికితే ఒంటి బరువు కొంత చేతుల మీదకే పోతుంది. రోజూ ఒకే స్పీడులో ఫోన్ చూస్తూ అరగంట గడిపితే అది వర్కౌట్ కాదు, కాలక్షేపం. ఫ్యాన్ లేని మూలలో ఉరికితే చెమట ఆరక గుండె అదనంగా కొట్టుకుంటుంది.

ట్రెడ్‌మిల్ స్పీడ్ మీటర్ మీద అనుమానముంటే తేల్చుకోవడం తేలికే. బెల్టు అంచున చాక్‌పీస్ గీత పెట్టి టేపుతో బెల్టు మొత్తం చుట్టు పొడవు కొలవండి. పొడవు 3 మీటర్లయితే, ఒకరు 12 స్పీడులో ఉరుకుతుండగా 50 చుట్లకు 45 సెకన్లు పట్టాలి. అంతకన్నా ఎక్కువ పడితే మీటర్ అబద్ధం చెబుతున్నట్టే.

కోచింగ్ సెంటర్ల వాళ్లకు, జిమ్ యజమానులకు ఒక విన్నపం. పిల్లల్ని వెక్కిరించడం మాని వర్కౌట్ రాసివ్వండి: పది నిమిషాలు నెమ్మదిగా, ఆపైన ఇంక్లైన్ 1, స్పీడ్ 14లో 400 మీటర్ల చొప్పున ఆరుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల నడక. ఈ కాగితం ట్రెడ్‌మిల్ పక్కన అంటించడానికి పైసా ఖర్చు కాదు. 13.3లో ఏడుంబావు నిమిషాలు నిలబడ్డ పిల్లాడికి అది పరుగు కాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు.