పాతబస్తీకి మత్తు వైద్యం ఎప్పుడొస్తుంది?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి
శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,



పాతబస్తీలో ఒక మనిషి తాగుడుకో, గంజాయికో, మత్తు గోలీలకో బానిసైతే ఇంటివాళ్లు మొదట అడిగే మాట ఒక్కటే: "ఏడికి తీస్కపోవాలె?" లాల్‌దర్వాజాలో అడిగినా, తలాబ్‌కట్టలో అడిగినా, చాంద్రాయణగుట్టలో అడిగినా జనం నోటికొచ్చే జవాబు కూడా ఒక్కటే: ఎర్రగడ్డ. అక్కడి మానసిక వైద్యశాల మీద నాకు గౌరవం ఉంది. ఎన్నో ఇళ్లను నిలబెట్టింది. కానీ చార్మినార్ నుంచి అది పన్నెండు కిలోమీటర్ల పైమాటే. ఆటోలో ఎంజీబీఎస్ దాకా వెళ్లి, మెట్రో ఎక్కి, ఎర్రగడ్డ స్టేషన్లో దిగి, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడాలి. చేతులు వణుకుతున్న మనిషిని, మధ్యలో దిగి పారిపోవాలని చూసే మనిషిని వెంటబెట్టుకుని ఆ దూరం వెళ్లడమంటే ఏమిటో వెళ్లినవాళ్లకే తెలుసు. ఆ రోజు అతని కూలీ పోతుంది, తోడు వచ్చిన భార్య కూలీ కూడా పోతుంది. పైగా ఇది ఒక్క రోజుతో తీరే పని కాదు. వారం వారం, ఆపైన నెల నెలా వెళ్తేనే మందు పనిచేస్తుంది. రెండోసారి వెళ్లేవాళ్లు తక్కువ, మూడోసారి వెళ్లేవాళ్లు ఇంకా తక్కువ.

అదే పాతబస్తీలో చంచల్‌గూడ జైలు మాత్రం అందరికీ దగ్గరే. గంజాయితో దొరికిన పిల్లవాడు జైలుకు చేరినంత తేలిగ్గా డాక్టరు దగ్గరికి చేరలేకపోతున్నాడు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

అయ్యా, అమ్మకం సంగతి ఒకసారి చూడండి. రాష్ట్రంలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. 2025లో వాటి లైసెన్సుల కోసం 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగివ్వని దరఖాస్తు రుసుము ఒక్కోదానికి 3 లక్షలు. అంటే ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,800 కోట్లకు పైగా చేరింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతున్నారు. ఇక వైద్యం వైపు చూస్తే, 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే ఒక మాట తేల్చింది. తాగుడుకు బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స అందినవాడు ఒక్కడే. ఆసుపత్రిలో చేరి చికిత్స తీసుకున్నవాడు 180 మందిలో ఒక్కడు. మిగతావాళ్లంతా మానాలనే కోరిక లేనివాళ్లని మీరు అనుకోరని నా నమ్మకం.

మానాలనే కోరిక ఎంత బలంగా ఉంటుందో చూడాలంటే కార్తీక మాసంలో ఛత్రినాకకో, గౌలిపురాకో రండి. ఏడాదంతా కోటర్ లేనిదే నిద్రపోని మనిషి అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. రంజాన్ నెల వస్తే అలీజా కోట్లాలో, యాకుత్‌పురాలో అలాంటి నిష్ఠే కనిపిస్తుంది. నెలంతా తాగుడు ఊసెత్తనివాళ్లు ఎందరో ఉన్నారు. ప్రభుత్వం ఎంత ఖర్చు పెట్టినా తేలేని పట్టుదలను మా జనం ఏటా తమంతట తామే తెచ్చుకుంటున్నారు. ఆ సమయంలో వాళ్ల పక్కన డాక్టరు లేడు. నా బాధంతా అదే.

మా వెనక గల్లీలో ఆటో నడిపే తమ్ముడొకడు అలాగే మాల వేసుకున్నాడు. అంతకు ముందు రోజు దాకా పొద్దున లేవగానే తాగేవాడు. రెండో రోజు సాయంత్రం భజన దగ్గర ఇత్తడి గ్లాసులో టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకున్నా నిలవలేదు. టీ అంతా నల్ల లుంగీ మీద ఒలికింది. చెమటలు పట్టి, గోడ మీద ఏవో పాకుతున్నాయని చూపించడం మొదలుపెట్టాడు. కొందరు స్వామి మీదికొచ్చాడని దండం పెట్టారు. అర్ధరాత్రి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నాక గానీ ఇది రోగమని ఎవరికీ తట్టలేదు. ఒక సర్కారు దవాఖానలో రాత్రికి రాత్రే మందులిచ్చి ప్రాణం కాపాడారు. ఆ డ్యూటీ డాక్టరుకు మా గల్లీ అంతా రుణపడి ఉంది. డిశ్చార్జి కాగితం అడుగున "సైకియాట్రీ ఓపీలో చూపించుకోవాలి" అని ఒక ముక్క రాసుంది. ఏ రోజు, ఏ గది, ఎవరిని కలవాలి? ఎవరూ చెప్పలేదు. మాల తీసేదాకా అతను మాట మీద నిలబడ్డాడు. సంక్రాంతి దాటాక మళ్లీ వైన్స్ ముందు కనిపించాడు. అతన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

ఒక విషయం మీ శాఖలో అందరికీ తెలిసిందే, మా గల్లీల్లోనే తెలియదు. బాగా ముదిరిన తాగుడును ఒక్కసారిగా ఆపితే ఆరేడు గంటలకే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికి రావచ్చు. దీనికి వాడే లోరాజెపామ్, క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి గోలీలు, బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఖరీదైనవి కావు. సరైన సమయంలో డాక్టరు చూసి ఇస్తే చాలు. గదిలో పెట్టి తాళం వేస్తే మానేస్తాడని నమ్మే తల్లులకు ఈ సంగతి చెప్పేవాళ్లు కావాలి.

పట్టుకోవడం ఒక శాఖ పని, వైద్యం ఇంకో శాఖ పని అని విడగొడితే ఏమవుతుందో మన రాష్ట్రం కళ్లారా చూసింది. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు పెరిగాయి. ఏళ్ల తరబడి ఆల్ప్రజోలం, డైజిపాం కలిపిన కల్లు తాగిన కూలీలకు అది ఉన్నట్టుండి దొరక్కుండా పోయింది. ఫిట్స్, పిచ్చి చూపులు, కలవరింతలతో వందల మంది దవాఖానలకు పరుగెత్తారు. కొందరు చనిపోయారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో వైన్స్ మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఓపీ ముందు కట్టిన బారులు మీకు గుర్తుండే ఉంటాయి. సరుకు ఆపే రోజుకు ముందే వైద్యం సిద్ధంగా ఉండాలని ఈ రెండు సందర్భాలూ చెప్పాయి.

ధూల్‌పేట కథ మాకు ఇంకా దగ్గరిది. గణపతి విగ్రహాలు చేసే చేతులే అక్కడ ఒకప్పుడు గుడుంబా కాచేవి. పదేళ్ల క్రితం ఎక్సైజ్ శాఖ గట్టిగా పూనుకుని ఆ బట్టీలు ఆర్పించింది. కాచేవాళ్లకు వేరే బతుకుతెరువు చూపిస్తామని సాయం ప్రకటించింది. అది మంచి పనే. తాగి తాగి ఒళ్లు గుల్లయినవాళ్లకు చికిత్స మాట మాత్రం నాకు అప్పుడు వినపడలేదు. గుడుంబా పోయిన చోట గంజాయి వచ్చింది. 2024లో మళ్లీ "ఆపరేషన్ ధూల్‌పేట" అన్నారు, దాడులు చేశారు, కేసులు పెట్టారు. అమ్మేవాణ్ని వదలమని నేననడం లేదు. కొనే పిల్లవాడి కోసం ఆ గల్లీ చివర ఒక్క కౌన్సెలర్ కుర్చీ అయినా ఎందుకు వేయలేదని అడుగుతున్నాను.

కేసు భయం గురించి కూడా చెప్పాలి. దవాఖానలో గంజాయి అలవాటుందని చెబితే పోలీసులకు చెప్పేస్తారని మా దగ్గర గట్టి నమ్మకం. రాత్రి పూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను "ఆపరేషన్ చబుత్రా" పేరుతో వ్యాన్లెక్కించిన జ్ఞాపకాలున్న బస్తీలివి. ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. కొద్దిపాటి సరుకుతోనో, వాడుతూనో దొరికి కేసులో ఉన్న మనిషి కూడా తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు ముందుకొచ్చి, దాన్ని పూర్తి చేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులను మానసిక వ్యాధుల కిందే చేర్చింది. సర్కారు వైద్యం పొందడం రోగి హక్కు అంది. ఈ రెండు ముక్కలూ తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాసి ప్రతి బస్తీ దవాఖాన గోడ మీద పెట్టించండి. దానికి బడ్జెట్ కూడా పెద్దగా అక్కర్లేదు.

సర్కారు వైద్యం దూరమైతే జనం ఎక్కడికి పోతారో చెప్తాను. నగరం అంచుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని నడిపే ప్రైవేటు "డీ అడిక్షన్" కేంద్రాలకు పోతారు. అన్నీ చెడ్డవి కావు. మంచి డాక్టర్లతో, నిజాయితీగా నడిచేవీ ఉన్నాయి. కానీ డాక్టరు మొహమే కనిపించని చోట, తెల్లవారుజామున నలుగురు వచ్చి మనిషిని వ్యాన్లో ఎత్తుకుపోయే చోట, నెల రోజులు ఫోన్ కూడా ఇవ్వని చోట అప్పు చేసి మరీ కొడుకును అప్పగించే తల్లులు ఉన్నారు. రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఆ తల్లి ఎలా తెలుసుకోవాలి? రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదైన కేంద్రాల జాబితా, ఫీజులు, డాక్టరు వచ్చే వేళలతో సహా ప్రతి ప్రభుత్వ దవాఖానలో అంటించాలి. నమోదు లేనివాటి మీద తనిఖీ జరగాలి, అక్కడున్న రోగులను రోడ్డు మీద వదలకుండా ప్రభుత్వ వార్డుకు మార్చాలి.

పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అఫ్జల్‌గంజ్ బస్టాపుల దగ్గర, మూసీ వంతెనల కింద గుడ్డ ముక్క మీద వైట్‌నర్ పోసుకుని పీల్చే పిల్లలను మీరూ చూసి ఉంటారు. ఎయిమ్స్ సర్వే లెక్కల్లో ఇలా పీల్చే మత్తు ఒక్కటే పెద్దలకన్నా పిల్లల్లో ఎక్కువ శాతం కనిపించింది. పదకొండేళ్ల పిల్లవాణ్ని తాగుబోతు పెద్దల వార్డులో పడుకోబెట్టడం వైద్యం కాదు. వాళ్లకు విడిగా చోటు కావాలి. బడి, అన్నం, అమ్మలాంటి ఒక మనిషి ఉండే చోటు కావాలి.

ఇక నేను అడగదలచింది. కొత్త భవనాలు అక్కర్లేదు. 2018 నుంచి నడుస్తున్న బస్తీ దవాఖానలు ఉన్నాయి. మలక్‌పేట ఏరియా ఆసుపత్రి ఉంది. చార్మినార్ పక్కనే అందరికీ తెలిసిన నిజామియా యునానీ ఆసుపత్రి ప్రాంగణం ఉంది. వీటిలో ఎక్కడైనా సరే, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక గది ఇవ్వండి. వేళ ముఖ్యం, ఎందుకంటే గాజుల దుకాణంలో, పాలిష్ పనిలో, హమాలీ పనిలో ఉన్న మనిషి పగలు రాలేడు. ఆ గదిలో మానసిక వైద్యుడు, ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన కౌన్సెలర్, ఒక నర్సు ఉండాలి. పేరు మాత్రం "మత్తు విముక్తి" అని పెట్టకండి. లోపలికి వెళ్తుంటే ఎదురింటివాళ్లు చూస్తారని భయపడే ఆడవాళ్లున్నారు. తాగే భర్తల కోసం వచ్చేవాళ్లే కాదు, తామే కల్లుకో గోలీలకో అలవాటు పడ్డవాళ్లూ ఉన్నారు. మొదటి వారం గండం గడిచాక నెల నెలా ఇచ్చే మందులు ఇంటి దగ్గర బస్తీ దవాఖానలోనే దొరకాలి. తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ గోలీ కోసం ఎవరూ మళ్లీ మెట్రో ఎక్కాల్సిన పని ఉండకూడదు.

కష్టపడి అలవాటు మానుకుని నిలబడ్డ మనుషులు మా బస్తీల్లో ఉన్నారు. వాళ్లకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి ఆ గదిలో కూర్చోబెట్టండి. తాగినవాడి మాట తాగినవాడు వింటాడు. చెన్నైలో 1980 నుంచి పనిచేస్తున్న టీటీ రంగనాథన్ సంస్థ చికిత్సను పల్లెలకు తీసుకెళ్లి, ఊరివాళ్ల చేతుల మీదుగానే శిబిరాలు నడిపింది. గుజరాత్‌లో ఉనావా అనే ఊళ్లోని మీరా దాతార్ దర్గాలో మానసిక రోగుల కోసం "దవా, దువా" పేరుతో దర్గా బాగోగులు చూసే ముజావర్లు, డాక్టర్లు కలిసి పనిచేశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాకు కొడుకును తీసుకెళ్లే తల్లిని నేను ఆపను. అక్కడే ఒక డాక్టరు కూడా కూర్చుంటే ఆ తల్లి ఆయన మాట కూడా వింటుంది.

ఉస్మానియా ఆసుపత్రి గురించి ఒక ప్రత్యేక మనవి. 2020 జులైలో వర్షపు నీళ్లు వార్డుల్లోకి వచ్చి పాత భవనం మూతపడినప్పటి నుంచి కొత్త ఆసుపత్రి కోసం ఎదురుచూసిన నగరం ఇది. 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. సుమారు 26 ఎకరాలు, 2,000 పడకలు అన్నారు. ఆ స్థలం ధూల్‌పేటకు దగ్గర్లోనే ఉంది. రెండు వేల పడకల్లో యాభై మత్తు వ్యాధుల చికిత్సకు, అందులో కొన్ని ఆడవాళ్లకు, కొన్ని పిల్లలకు విడిగా కేటాయించండి. గోడలు లేచాక అడిగితే జాగా లేదంటారు, అందుకే ఇప్పుడే అడుగుతున్నాను.

ఈ లేఖ చదివే ఇళ్లలో ఇప్పుడే సాయం కావాల్సినవాళ్లు ఉంటారు. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446. మానసిక సహాయానికి టెలిమానస్ 14416. రెండూ ఉచితం. బాగా తాగే మనిషిని డాక్టరుకు చూపించకుండా ఒక్కసారిగా ఆపించకండి. ఫిట్స్ వస్తే, పొంతన లేకుండా మాట్లాడితే 108కి ఫోన్ చేయండి.

మంత్రిగారూ, రంజాన్‌కు ముందు నెల షాబాన్. అయ్యప్ప మాలలు మొదలయ్యే కార్తీకానికి ముందు ఆశ్వయుజం. ఈ రెండు నెలల్లో మీ డాక్టర్లు మసీదు కమిటీలతో, గురుస్వాములతో ఒక్కసారి కూర్చుంటే ఎవరు ఒక్కసారిగా ఆపకూడదో, ఎవరికి ముందు మందు మొదలుపెట్టాలో పేరు పేరునా తేలిపోతుంది. వచ్చే షాబాన్ నాటికి ఆ ఒక్క గది తెరిపించండి. లాల్‌దర్వాజా నుంచి శాలిబండ దాకా ఇల్లిల్లూ తిరిగి దాని సంగతి చెప్పే పని మా గుడి కమిటీ యువకులూ, పక్క మసీదు పెద్దలూ, నేనూ చూసుకుంటాం.

ఇట్లు,
ఛత్రినాక నివాసి, పాతబస్తీ, హైదరాబాద్